క్లచ్చి లేని కారు

పొద్దున్నే కళ్లాపి చల్లాక, ముగ్గేసే ముందు మల్లమ్మ ఒకసారి వాకిలంతా చూసేది. తడిమట్టిలో ఎడమ పాదం గుర్తులు లోపలికి వచ్చినట్టుంటే ఇంట్లోకి కేకేసేది: "అయ్యా, కాలు వచ్చింది, లే." బయటికి పోయినట్టుంటే మాట్లాడకుండా చంకకర్ర తెచ్చి మొగుడి మంచం పక్కన ఆనించేది. గురజాలలో ఆ వీధి వాళ్లకి అది మామూలే. పాలు పోసే సుబ్బులమ్మ గుర్తులు చెరిగిపోకుండా పక్కనుంచి నడిచొచ్చేది.

ఆమె మొగుడు కొండలుకి ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయి మూడేళ్లయింది. అతను పార్వతమ్మగారి కారు డ్రైవరు. ఆవిడ ఇంట్లో పరిచేందుకు లారీలో నాపరాళ్లు వస్తే, దించేవాళ్లు తక్కువయ్యారని తనూ ఓ చెయ్యి వేశాడు. పలక జారింది. ఆస్పత్రిలో కాలు తీసేశారు. ఏడాది తిరిగేసరికి ఆ కాలే దారి వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. కంటికి కనపడదు గానీ, వచ్చి మోకాలికి ఆనుకుంటే ఒంటి బరువు మోసేది, అడుగు వేసేది, క్లచ్చి తొక్కేది. మరిది వద్దంటున్నా పార్వతమ్మ కారు తాళాలు మళ్లీ కొండలుకే ఇచ్చింది.

"వాడి కాలు తీసింది నా ఇంటి రాయి. నా కారు వాడే నడుపుతాడు," అంది.

ఆ కారు ఆవిడ భర్త పోకముందు ముచ్చటపడి కొన్న పాత ప్లిమత్. ముక్కు పొడుగు, తలుపు మూస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు.

మొదట్లో బాగానే సాగింది. తర్వాత కాలికి తిరుగుడు అలవాటైంది. రెండ్రోజులు పత్తా ఉండేది కాదు. కారులో ఉన్నా చెప్పినట్టు వినేది కాదు. ఎనభై ఏడు వేసవిలో విజయపురి సౌత్‌లో ఏటివైపు దిగే వాలులో, కొండలు రెండో గేరులో బండిని పట్టి దించుతుంటే కాలు దానంతటది క్లచ్చిని నేలకంటా తొక్కేసింది. ఇంజను పట్టు వదిలేసింది. బండి రాయిలా దొర్లింది. పాత బ్రేకులకి ఆగలేదు. కొండలు చేతిబ్రేకు లాగి, రోడ్డు పక్కన ఇసక కుప్పలోకి తిప్పేశాడు. వెనక సీట్లో పార్వతమ్మ నుదురు చిట్లింది.

చీరచెంగు నుదుటికి అదుముకుని ఆవిడ ముందు సీటు మీదికి వంగింది. "ఒరే కొండలూ, అసలు క్లచ్చే లేని కార్లు ఉంటయ్యంట గదరా?"

నరసరావుపేటలో షెడ్డున్న నూర్ మొహమ్మద్ ఆరేళ్లు కువైట్‌లో అలాంటి కార్లే బాగుచేసి వచ్చాడు. మద్రాసులో ఎవరో గుద్దేసిన కొత్త జపాను కారు తుక్కుకి పోతుంటే, దాని గేరుబాక్సు విప్పించి లారీలో వేయించుకొచ్చాడు. దాంతోపాటు పుస్తకమంత రేకుపెట్టె ఒకటి, దాన్నిండా వైర్లు.

"గేరు ఎప్పుడు మార్చాలో ఈ పెట్టె చెప్పుద్ది కొండలన్నా. నువ్వు ఆక్సిలేటరు ఎంత తొక్కావు, బండి ఎంత జోరులో ఉంది, రెండూ చూసుకుంటది. నీకు కుడికాలు చాలు."

"అది తప్పు చెబితేనో?"

"తప్పు చెబితే నన్ను తిట్టు."

పని నెల పట్టింది. ప్లిమత్‌ది ఆరు వోల్టుల బ్యాటరీ, పెట్టెకి పన్నెండు కావాలి. బ్యాటరీ, డైనమో, బల్బులు, వైరింగు అన్నీ మార్చాడు. ఇంజనుకీ కొత్త బాక్సుకీ బోల్టులు కలవకపోతే మధ్యలో ఇనప పళ్లెం ఒకటి లేతు మిషను మీద చేయించాడు. వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొట్టి చేయించాడు. కొండలు రోజూ మొదటి బస్సుకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. కాలూ వెంట వచ్చేది. షెడ్డులో నూనె మరకల మీద దాని అడుగులు అటూ ఇటూ తిరిగేవి.

క్లచ్చి పెడలు ఊడదీసిన రోజు స్పానర్ల డబ్బా ధడాలున తిరగబడింది. నూర్ మొహమ్మద్ కారు కింద నుంచి తల బయటపెట్టి కొండలు వంక చూశాడు. అడుగులు గుమ్మం దాటి రోడ్డెక్కాయి. కొండలు చంకకర్ర అందుకుని బయటికి వచ్చేసరికి వినుకొండ బస్సు లేపిన దుమ్ములో గుర్తులన్నీ కలిసిపోయాయి.

మర్నాడు వాకిట్లో పాదం పడలేదు. ఆ మర్నాడూ పడలేదు.

"పని పీకేస్తే అదెందుకు ఉంటదయ్యా?" అంది మల్లమ్మ. "ఒక్క మాట చెప్పి పంపావా దానికి?"

కాలు లేని మోకాలు కొండలుకి మళ్లీ కొత్త గాయంలా సలిపింది.

బండిని మొదటిసారి రోడ్డు మీదికి తీసినరోజు నూర్ మొహమ్మద్ పక్క సీట్లో కూర్చున్నాడు. కొండలు గేరు లివరు ముందుకి జరపగానే కారు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఒకటి, రెండు గేర్లు వాటంతటవే పడ్డాయి. మూడు పడింది, వెంటనే ఊడి రెండుకొచ్చింది. మళ్లీ మూడు, మళ్లీ రెండు. వెనక లారీ హారను ఆపకుండా కొడుతోంది. కొండలు ఎడమ తొడ బిగుసుకుని లేని పెడలు కోసం వెతికింది. చెమటకి స్టీరింగు తడిసిపోయింది.

"ఆపు, పక్కకి ఆపన్నా!" నూర్ మొహమ్మద్ దూకి బానెట్టు ఎత్తాడు. ఆక్సిలేటరు ఎంత తొక్కారో పెట్టెకి చెప్పేందుకు కార్బురేటరు పక్కన బిగించిన చిన్న మీటని వెంట్రుకవాసి తిప్పి స్క్రూ బిగించాడు. మళ్లీ కదిలించారు. ఈసారి మూడు పడింది, నిలబడింది.

వారం తర్వాత పార్వతమ్మకి మాచర్లలో పని పడింది. నూర్ మొహమ్మద్ చెప్పిన ప్రకారం కొండలు దారిలో ఆపి ఆయిలు చూశాడు. రేడియేటరు మరుగుతోంది. రోడ్డు పక్క రాళ్ల అడితిలో మనిషిని కేకేసి నీళ్లడిగి, ఎండకి తాళలేక మళ్లీ సీట్లో కూర్చున్నాడు.

ముప్పై ఏళ్ల మనిషి బక్కెట్టుతో వచ్చాడు. లుంగీ పైకి కట్టాడు. కుడికాలు ఉంది, ఎడమ మోకాలి కింద ఏమీ లేదు. అయినా తిన్నగా నడిచొస్తున్నాడు. కాలు లేనిచోట దుమ్ములో ఎడమ పాదం గుర్తు పడుతోంది.

ఆ నడక చూడగానే కొండలు సీట్లోంచి ముందుకి వంగాడు. తన కాలు తనకి తెలియదా?

కాలికీ తెలిసింది. కారుకి నాలుగడుగుల దూరంలో ఆ మనిషి నిలువునా కూలిపోయాడు. నీళ్లన్నీ ఒలికిపోయాయి. కొండలు మోకాలికి వెచ్చగా బరువు తగిలింది. నెలరోజుల సలుపు చటుక్కున ఆగిపోయింది. కింద రబ్బరు పట్టా మీద పాదం టపటపా తడుముకుంటోంది, పెడలు కోసం.

పడ్డవాడు మోచేతుల మీద లేచి తలుపు దాకా పాకాడు. పేరు చిన్నకోటయ్య. క్వారీలో పేలుడికి కాలు పోయింది.

"అన్నా, అది నీదా?"

"నాదే."

"నెల కిందట వచ్చింది. అప్పటిదాకా మా రత్తమ్మ ఒక్కతే రాయి మోసింది, ఏడో నెల కడుపుతో." కాలు తనకి వదిలెయ్యమని అడగలేదు. ఖాళీ బక్కెట్టుని దగ్గరికి లాక్కున్నాడు.

కొండలు అద్దంలోంచి పార్వతమ్మ వంక చూశాడు.

"నన్ను చూడమాకురా," అందావిడ. "ఇందులో మాట చెప్పే మొహం కాదు నాది."

అడితిలో ఒక ఆడమనిషి పని ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇటే చూస్తోంది. తీసుకుపోతే అడిగేవాళ్లు లేరు. చంకకర్ర లేకుండా మల్లమ్మతో సంతకి పోవచ్చు. కొండలు లివరు మీద చెయ్యి వేశాడు, తీశాడు. పాదం ఇంకా తడుముతూనే ఉంది.

కొండలు వంగి, ఎవరికో చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "క్లచ్చి లేదురా ఇక్కడ. ఆరోజే నీతో చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే. నీ పని అక్కడుంది, పో."

అది కదల్లేదు. పాదం మీద పాదం వేసినట్టు అతని కుడికాలిని ఆనుకుని ఉండిపోయింది. కొండలు చెయ్యి చాచి తలుపు బార్లా తెరిచాడు.

కాసేపటికి బరువు పోయింది. సలుపు తిరిగొచ్చింది. బయట చిన్నకోటయ్య బక్కెట్టు మీద చెయ్యి ఊని మెల్లగా లేచి నిలబడ్డాడు. దణ్ణం పెట్టాడు.

"నీళ్లు తే, పొద్దుపోతంది," అన్నాడు కొండలు.

రేడియేటరు నింపాక బండి కదిలింది. ఒకటి, రెండు, మూడు, ఎవరూ తొక్కకుండానే పడ్డాయి.

"నొప్పిగా ఉందిరా?" అంది వెనకనుంచి పార్వతమ్మ.

"చానా ఉందమ్మా," అన్నాడు కొండలు. ఆక్సిలేటరు మీద కాలు మాత్రం తీయలేదు.