ఐదో ముఖం

దుర్గిలో ఝాన్సీ రాతి చెక్కుడు షెడ్డు ముందు కారు ఆగగానే ఆమెకు ఒళ్ళు మండింది. దిగింది మాజీ సర్పంచి వెంకట్రామయ్య. వెల్దుర్తి దగ్గర తల్లి పేరు మీద పార్కు కట్టిస్తున్నాడు. గేటు పక్కన నిలబెట్టడానికి బుద్ధుడి ఫలకం చెక్కమన్నది ఆయనే. మూడు నెలల్లో ఆయన రావడం ఇది ఎనిమిదోసారి. వచ్చినప్పుడల్లా ఓ కొత్త కోరిక.

మొదట కిరీటం పెట్టమన్నాడు. "రాజ్యం వదిలేసి పోయినాయన బాబాయ్! ముసలితనం, రోగం, చావు చూసి, వీటికి విరుగుడు ఏందో కనుక్కుంటానని బయల్దేరాడు. కిరీటం ఎట్లా ఉంటది?" అంటే, పోనీ చిన్నది పెట్టమన్నాడు. ఇంకోసారి వచ్చి నెమళ్ళు కావాలన్నాడు. బుద్ధుడు కూర్చున్న చోటు జింకల వనమని ఒప్పించేసరికి మధ్యాహ్నం దాటింది.

ఫలకం మీదిది బుద్ధుడు మొట్టమొదట ధర్మం చెప్పిన ఘట్టం. ఎదురుగా ఐదుగురు. ఆ ఐదుగురంటే ఝాన్సీకి ప్రాణం. ఏళ్ళ తరబడి ఆయనతో పాటు పస్తులుండి ఒళ్ళు ఎండగట్టుకున్నవాళ్ళు. ఇట్లా మాడి చస్తే జ్ఞానం రాదని తెలుసుకుని ఆయన ఓ ఇల్లాలు పెట్టిన పాయసం తింటే, చెడిపోయాడని చీదరించుకుని వెళ్ళిపోయారు. జ్ఞానం కలిగాక ఆయనే కాశీ దాకా నడిచి వాళ్ళని వెతుక్కున్నాడు. అల్లంత దూరాన చూసి, లేచి నిలబడకూడదని ఐదుగురూ అనుకున్నారు. తీరా దగ్గరికొచ్చేసరికి కూర్చోలేకపోయారు. ఒకడు సగం లేచి, ఒకడు నేలకు చెయ్యి ఆనించి, ఒకడు ఇంకా మొండిగా మొహం తిప్పుకుని... అట్లా చెక్కాలని ఆమె ఆశ.

వెంకట్రామయ్య సాగనివ్వలేదు. ఐదుగురూ వరసగా కూర్చుని దణ్ణం పెట్టాలట. పైగా ఆ ఐదు ముఖాలూ తనదీ, తన నలుగురు తమ్ముళ్ళవీ కావాలట. కాదంటే రాయి ఇంకో షెడ్డుకి పోతుంది. పళ్ళు నూరుకుంటూనే చెక్కింది. అయితే ఉలి పట్టాక చెయ్యి ఊరుకోదు కదా. ఆఖరి తమ్ముడు శ్రీకర్ ముఖం అన్నిట్లోకీ కుదిరింది. మాట చెవిన పడి, నమ్మాలా వద్దా అని తేల్చుకోలేని మనిషి ముఖం అది.

ఎనిమిదోసారి వచ్చిన వెంకట్రామయ్య సరిగ్గా దాని మీదే వేలు పెట్టాడు.

"ఇది కొట్టెయ్యమ్మాయ్."

"ఏంది బాబాయ్?"

"వాడు పార్టీ మారాడు. నిన్న మా వీధిలోనే మీటింగు పెట్టి నన్ను తిట్టించాడు. రోజూ పార్కులో వాడి మొహం చూడాలా నేను?"

రాళ్ళకు నునుపు పెట్టే నజీమా చేతిలో పని ఆపింది. ఝాన్సీ కోపం దిగమింగుకుంది. "ఈ ఐదుగురు కూడా ఆయన్ని కాదని పోయినోళ్ళే బాబాయ్. ఆ సంగతి తెలిసే ఆయన వాళ్ళ దగ్గరికి పోయాడు."

"ఆయన దేవుడు."

"కాదు. దేవుణ్ణని ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. మన లాంటి మనిషే."

"మనిషైతే ఎలక్షన్లో నిలబడలేదుగా! కొట్టెయ్. అన్నట్టు, ఓపెనింగు రోజు మాట్లాడాలి. ఆయన ఏం చెప్పాడో నాలుగు ముక్కలు చెప్పు."

ఝాన్సీ విసురుగా చెప్పింది. "బతుకులో దుఃఖం ఉంది. దానికి కారణం తృష్ణ, ఇంకా కావాలి ఇంకా కావాలి అనే దాహం. ఆ దాహం పోతే దుఃఖం పోతుంది. పోగొట్టుకునే దారి ఒకటుంది. సరిగ్గా చూడటం, సరిగ్గా మాట్లాడటం, సరిగ్గా బతకటం, అట్లా ఎనిమిది."

"చానా బాగుంది. రాసి వాట్సాప్ చెయ్," అని కారెక్కాడు.

రెండు రోజులు ఆమె రాయి జోలికి పోలేదు. మూడో రోజు ఆయన మనిషి ఫోన్ చేశాడు. సాయంత్రానికి పని కాకపోతే లారీ పంపించి రాయి తీసుకుపోతామన్నాడు. పరాయి చేతిలో పడితే బుద్ధుడి వేళ్ళు కూడా మిగలవు. ఝాన్సీ సుత్తి ఎత్తింది. పదకొండు రోజులు పట్టిన ముఖం పావుగంటలో పొడైపోయింది. నజీమా అటు తిరిగి నిలబడింది.

ఓపెనింగు నాడు వెంకట్రామయ్య మైకు పట్టుకుని దుఃఖానికి కారణం తృష్ణ అని చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. ఝాన్సీ భోజనానికి ఆగకుండా మాచర్ల బస్సెక్కింది.

ఇరవై రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా ఉంది.

"అమ్మాయ్, నిన్న శ్రీకర్ వాళ్ళింటికి పోయి భోంచేసొచ్చా. వాడికి ఆపరేషన్ అయిందని తెలిసి ఉండబట్టలేకపోయా. పార్టీ సంగతి ఎత్తలేదు. వాడి మొహం మళ్ళీ పెట్టు."

ఝాన్సీకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ పెద్దమనిషి ఇన్నాళ్ళకు చెయ్యాల్సిన పని చేశాడు. ఇంకో మూడు వారాలు తను మొండికేసి ఉంటే ఆ ముఖం బతికేది. ఎవరి మీద కోప్పడాలి?

"పోయిన ముక్క అంటుకోదు బాబాయ్. ఇంకా లోపలికి చెక్కాలి. ఆ ఒక్కటే లోపలికి దించితే నిమ్మకాయంత తల వస్తుంది. కుదరాలంటే ఐదింటినీ దించాలి."

"అంటే?"

"ఐదు ముఖాలూ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలి. మిగిలిన రాయి పల్చన. కళ్ళూ ముక్కూ వస్తాయి, పోలికలు రావు. ఎవరు ఎవరో తెలియదు."

"నాది కూడానా?"

"మీది కూడా."



"ఆలోచించి చెప్తాలే," అని పెట్టేశాడు.

రెండు నెలలు దాటినా ఫోన్ రాలేదు. వెల్దుర్తిలో పనిబడి ఝాన్సీ పార్కు దగ్గర దిగింది. నలుగురు అన్నదమ్ములు దణ్ణం పెడుతున్నారు. ముఖం లేని ఐదోవాడికి ఎవరో నల్ల మార్కర్‌తో కళ్ళూ, కోరమీసమూ గీశారు. కొంగు తడిపి రుద్దింది. చెదిరిందే గానీ పోలేదు. అక్కడే నిలబడి వెంకట్రామయ్యకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది.