గౌహతికి ఒక టికెట్

పార్థసారథి ఒక వెబ్‌సైటు పక్కన ఇంకొకటి తెరిచి, ముందు చూపించిన ధరను నమ్మకుండా చివరి పేజీ దాకా వెళ్లి వస్తున్నాడు. మస్కట్ పోయే తాపీమేస్త్రీ టికెట్టు అది. ఒక సైటు తక్కువ చూపించి, పెట్టెకు వేరే డబ్బు అడుగుతోంది. రెండోది అతని దగ్గర లేని బ్యాంకు కార్డుకు తగ్గింపు ఇస్తానంటోంది. మూడోది మరీ చవక, కానీ మనిషిని రాత్రంతా ఏదో ఊళ్లో కూర్చోబెడుతుంది. జారుతున్న కళ్లజోడును వేలి కణుపుతో పైకి తోసుకుంటూ అన్నీ మళ్లీ మొదటినుంచి చూశాడు. సన్నటి మనిషి. నుదుటి మీద నామం మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. చొక్కా జేబు అంచున పెన్నుసిరా మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

తండ్రి జమ్మలమడుగులో అర్చకుడు. గుడి అన్నకు వచ్చింది. సారథికి మంత్రాలు వచ్చు కానీ నలుగురి ముందు గొంతు పెగిలేది కాదు. ప్రొద్దుటూరు వచ్చి బస్సు టికెట్లు రాశాడు, జనం కోసం రైలు రిజర్వేషన్ వరుసల్లో నిలబడ్డాడు, తర్వాత ఇప్పటి యజమాని ఇలియాస్ వాళ్ల నాయన పెట్టిన ఈ ట్రావెల్స్‌లో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఎంతమందినో సముద్రాలు దాటించాడు. విమానాన్ని దగ్గరగా చూసింది మాత్రం లేదు. రెండు ఊళ్ల పేర్లు కొట్టగానే వాటి మధ్య ఉన్న ఆకాశమంతా వరసలు వరసలుగా తెరమీదికి దిగడం అతనికి ఇప్పటికీ వింతే. చూస్తుండగానే ఆ ధరలు ఎందుకు పెరుగుతాయో, ఎవరు పెంచుతారో ఇన్నేళ్లయినా అంతుపట్టలేదు.

"అప్పా, గౌహతికి పోవల్ల. ఈ పొద్దే పోవల్ల."

గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చీర చెంగు నిండా పసుపు. ఒంటినిండా పోపు వాసన. పేరు నాగరత్నమ్మ, ఊరు పులివెందుల. పక్క వీధి కల్యాణమండపంలో పెళ్లివంటకు వచ్చి, పొయ్యి దగ్గరినుంచి నేరుగా లేచొచ్చింది.

"నా బిడ్డ సాయిశ్రీ ఆడ రైల్వేలో పని చేస్తాది. కాన్పుకు ఇంకా నెల ఉండాది. బీపీ శానా ఎక్కువైందంట, రేపు తెల్లారితే ఆపరేషనంట. అల్లుడొక్కడే ఉండాడు." ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. "కోసేలోగా నేను కనపడల్ల, అప్పా. అది శానా బయపడతాది."

"కూర్చోక్కా. రైలుకు మూడు దినాలు పడతాది. విమానానికే చూస్తాం," అన్నాడు సారథి.

చవక టికెట్టు బెంగళూరునుంచి ఉంది. బస్సెక్కి అక్కడికి చేరి ఎక్కితే రేపు మధ్యాహ్నమవుతుంది. పనికిరాదు. ఇంకొకటి ఢిల్లీ మీదుగా, రెండు వేరువేరు టికెట్లు. సంచీ తీసుకొని మళ్లీ ఇవ్వాలి, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పోవాలి. చదువు రాని మనిషి. అదీ పక్కన పెట్టాడు. కడపలో ఎక్కి హైదరాబాదులో మారితే రాత్రికి గౌహతి. ఒకటే టికెట్టు. సైటులో ఒక్క సీటే ఉందని ఎర్రగా కనబడింది. చివరి పేజీకి వెళ్లేసరికి ధర ఎగిరింది. ఇంకో సైటులో అసలు లేదు. ఆఖరికి విమానాల కంపెనీ సొంత సైటే తెరిచాడు. పాత ధర అక్కడ అట్లాగే ఉంది. ఆమె ఆధారు కార్డు అడిగి తీసుకొని పేరు కొట్టాడు.

కింద ఒక చిన్న గడిలో టిక్కు పెడుతుంటే, యజమాని ఇలియాస్ వంగి చూసి చదివాడు. "వీల్‌చైరా, మామా?"

నాగరత్నమ్మ ఉలిక్కిపడింది. "నాకు కాళ్లు బాగుండాయి కదప్పా!"

"కాళ్లకు కాదక్కా, తోవకు. ఇది పెడితే ఒక మనిషి నీ వెంటే ఉండి, మారేకాడ మార్చి, కడదాకా తోలుకొని పోతారు."

ఆమె తల ఊపింది.

ఇలియాస్ కారు తీశాడు. "నువ్వూ రా మామా. ఆడ నాకేం తెలుస్తాది?" అన్నాడు. సారథి మారుమాట లేకుండా ఎక్కాడు. కమలాపురం దాటాక నాగరత్నమ్మ అడిగింది.

"నువ్వెన్నిసార్లు ఎక్కినావప్పా దాన్ని?"

"ఎక్కలేదక్కా."

"ఒక్కసారి గూడానా?" ఆమె ఆశ్చర్యంగా అతని వైపు తిరిగింది. "మరి ఇదంతా ఎట్ల తెలుసు నీకు?"

సారథి కిటికీలోంచి నల్లరేగడి చేలకేసి చూశాడు.

విమానాశ్రయం తలుపు దగ్గర యూనిఫారం వేసుకున్న అమ్మాయి కుర్చీబండితో ఎదురొచ్చింది. సారథి ఆమెకు టికెట్టు, ఆధారు చూపించి రెండుసార్లు చెప్పిందే చెప్పాడు. తిరిగి చూసేసరికి నాగరత్నమ్మ కుర్చీలో ఒదిగి కూర్చొని ఉంది. చేయెత్తి, వంగిన అతని తలమీద ఒక్క క్షణం పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరూ కంచె దగ్గరికి నడిచారు. ఎర్రమట్టి మైదానం చివర, రెక్కలకు పంకాలున్న చిన్న విమానం నిలబడి ఉంది. కాసేపటికి పంకాలు తిరిగి కనబడకుండా పోయాయి. నేల అదిరింది, ఆ అదురు అతని మోకాళ్లలోకి వచ్చింది. విమానం పరుగెత్తింది. ఇంక ఆగిపోతుందేమో అనుకున్నప్పుడు చక్రాలకూ నేలకూ మధ్య వెలుగు కనబడింది. అంతే. అంత బరువు, అంతమంది మనుషులు, వాళ్ల పెట్టెలు, వాళ్ల భయాలు, అన్నీ పాలకొండల మీదుగా లేచి, వంగి, ఎండలో మెరిసి చిన్నవైపోయాయి. తను బుక్ అని నొక్కిన ప్రతిసారీ ఎక్కడో ఇట్లాగే జరిగిందా? సారథి కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

ఇలియాస్ ఫోను మోగింది. సాయిశ్రీ భర్త కిషోర్. సారథి పంపిన టికెట్టు మీదున్న షాపు నంబరుకు చేశాడు.

"సార్, అత్తమ్మ ఫోను కలవడంలేదు. సాయిశ్రీకి ఉన్నట్టుండి బీపీ ఇంకా ఎక్కువైతే ఇప్పుడే ఆపరేషన్ చేసేసినారు. పాప. ఇద్దరూ బాగుండారు."

స్పీకరులో ఆ మాట విని సారథి ఆకాశంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు. "విమానం ఇప్పుడే లేసింది నాయనా," అన్నాడు మెల్లగా. "దిగినాక నువ్వే చెప్పు. ఆ మాట ఆమె నీ నోటినుంచే వినల్ల."

బిడ్డ కోసం భయపడుతూ మబ్బుల పైన కూర్చున్న ఆమెకు తాను అమ్మమ్మ అయిన సంగతి తెలియదు. భూమ్మీద ఉన్న తనకు తెలుసు. అతని చేతులు వాటంతటవే జోడయ్యాయి. చాలాసేపు దించలేదు.

"పోదామా, మామా?" అన్నాడు ఇలియాస్.

కారు వైపు నడుస్తూ గాజు తలుపు దగ్గర సారథి ఆగిపోయాడు. లోపలికి వెళ్లేముందు గుడి బయట విడిచినట్టు, గోడవారగా పక్కపక్కన సర్ది, ఒక జత నీలం హవాయి చెప్పులు. ఒకదాని పట్టీకి పిన్నీసు, మడమల దగ్గర అరిగిన గుంటల్లో పసుపు.