మతం గడి

ఉత్తరం వచ్చిన రోజు నేను పొద్దున డ్యూటీ ముగించుకుని మూడింటికి ఇంటికొచ్చాను. పోస్టు డబ్బాలో బూడిదరంగు కవరు. ఈ దేశంలో మంచి కబురు ఏదన్నా ఉంటే ఈమెయిల్లో వస్తుంది, తక్కినవన్నీ కవర్లలో వస్తాయి. ఐదేళ్ళుగా చూస్తున్నాను కదా, పైకి వెళ్ళేదాకా ఆగలేక మెట్ల మీదే చింపాను.

ఆస్పత్రిలో నర్సుని. నొప్పెక్కడ, విరేచనం అయిందా, రాత్రి నిద్ర పట్టిందా అనే జర్మన్ నాకు బాగానే వచ్చు. ఆఫీసుల జర్మన్ వేరు. మూడుసార్లు చదివితే గానీ బుర్రకెక్కలేదు. ఈ దేశంలో చర్చి సభ్యులైన వాళ్ళ జీతంలోంచి ప్రభుత్వమే చర్చి పన్ను కోస్తుంది. మూడేళ్ళుగా నా జీతంలో కోసిన ఆ పన్నుని ఏటేటా తిరిగిచ్చారు కదా, అది ఇవ్వాల్సింది కాదట. టౌన్ హాల్ రికార్డులో నేను 'ఎవాంగెలిష్', అంటే ప్రొటెస్టెంట్ క్రిస్టియన్ అని ఉందట. మరి రిటర్నులో 'చర్చి పన్ను వర్తించదు' అని ఎందుకు రాశారు, అని టాక్స్ ఆఫీసు వాళ్ళ ప్రశ్న. మొత్తం పద్దెనిమిది వందల అరవై యూరోలు. దాన్ని ఈ ఏడాది మాకు రావలసిన టాక్స్ రిఫండు మూడు వేల వందలోంచి పట్టుకుంటారు. టౌన్ హాల్ రికార్డే తప్పని మేమంటే, జతచేసిన ఫారం నింపి ఆధారాలతో పంపాలి. గడువు రెండు వారాలు.

ఆ మూడు వేల వంద మాకు ఇల్లు. మేముండేది ఆకెన్‌లో ఒకటిన్నర గది. మా ఆరేళ్ళ కూతురు లిండా మంచం ఫ్రిజ్ పక్కన ఉంటుంది, ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడల్లా పిల్ల అటు తిరిగి పడుకుంటుంది. నాలుగు నెలలు తిరిగాక రెండు గదుల ఇల్లొకటి దొరికింది. ఒకటో తారీఖులోపు ఇరవై ఏడు వందలు డిపాజిట్ కట్టాలి. మా ఆయన ఎలియాస్ పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీ ఆర్నెల్లుగా సగం పని, సగానికి కాస్త ఎక్కువ జీతం ఇస్తోంది. రిఫండ్ వస్తుందన్న ధైర్యంతోనే ఇంటావిడకి సరేనన్నాం.

ఎలియాస్ ఉత్తరం చదివి, చదివిన మడత మీదే మళ్ళీ మడిచాడు. "ఆ టౌన్ హాల్ క్లర్కు చేసిన తప్పుకి మనం కట్టాలా?" అన్నాడు. నేను బియ్యం కడిగి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం ఆమోసు గారు లాప్‌టాప్ సంకలో పెట్టుకుని వచ్చారు. మా తెలుగు సహవాసంలో పెద్ద. ఆదివారాలు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ప్రార్థన జరిపించేది ఆయనే, ఏటా నలభై కుటుంబాల టాక్స్ రిటర్నులు నింపేదీ ఆయనే. లైసెన్సు లేదు, ఫీజు లేదు, కవర్లో ఎంత పెడితే అంతే. పంపించే బటన్ నొక్కేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. ప్రార్థన మీద ఉన్న శ్రద్ధలో సగం ఫారం మీద పెట్టి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది నాకు. ఆయన మంచివారు కాబట్టి పైకి అనలేదు.

"సిస్టర్, మీరు కంగారు పడమాకండి," అన్నారు కుర్చీలో సర్దుకుంటూ. "మనోళ్ళందరికీ మతం గడిలో ఏమీ ఉండదు కదా. ఆ అలవాటు మీద మీకూ అట్టాగే పెట్టేశాను. పే స్లిప్పులో చర్చి పన్ను కట్ అవుతోందని బ్రదర్ చెప్పారు. టౌన్ హాల్ చుట్టూ అపాయింట్మెంట్ల కోసం తిరగడమెందుకు, రిటర్నులో వెనక్కి తెచ్చేద్దాం అనుకున్నా. వచ్చింది కూడా కదా మూడేళ్ళు."

వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చిన డబ్బు నేనూ ఖర్చు పెట్టాను. లిండాకి చలికోటు కొన్నాను, నాకొక మంచి బూట్ల జత కొనుక్కున్నాను. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. అడగని తప్పులో నా వాటా నాకుంది.

"ఇప్పుడేం చేద్దామంటారు?" అన్నాడు ఎలియాస్.

ఆమోసు గారు ఫారం తీసి నా ముందు పెట్టారు. మూడే ప్రశ్నలు. మీరు బాప్తిస్మం తీసుకున్నారా? తీసుకుంటే ఎప్పుడు, ఎక్కడ? ఆధారం ఏమిటి?

"మొదటిదానికి 'లేదు' అని టిక్ పెట్టండి సిస్టర్. బాప్తిస్మం లేకపోతే సభ్యత్వం లేదు, సభ్యత్వం లేకపోతే పన్ను లేదు. క్లర్కు పొరపాటున రాసిందని నేను లెటర్ రెడీ చేశా. ఆధారానికి మీ కమ్యూనిటీ సర్టిఫికెట్ పెడదాం. ఇంగ్లీషులో కూడా ఉంటదిగా అందులో, మతం: హిందూ అని. గవర్నమెంటు స్టాంపు. ఇంకేం కావాలి వాళ్ళకి?"

ఎలియాస్ అప్పటికే అలమారలోంచి పెద్ద ఫైలు తీశాడు. సర్టిఫికెట్ అందులో నాలుగో ప్లాస్టిక్ కవర్లో ఉంది.

మా వైపు వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. రేపల్లె దగ్గర మా పేట మొత్తం ఆదివారం ప్రార్థన మందిరంలో ఉంటుంది. స్కూలు రిజిస్టర్లో మొత్తం హిందువులం. క్రిస్టియన్ అని రాసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. అది లేకపోతే ఫీజు రాదు, హాస్టలు రాదు, సీటు రాదు. పదో తరగతి ఫారం నింపుతున్నప్పుడు నా పెన్ను ఆ గడి దగ్గర ఆగితే నాన్న, "కాయితం కాయితమే, మనం మనమే. రాయి తల్లీ," అన్నాడు. రాశాను. ఆ మాట నిజమే, ఆ కాగితమే నన్ను చదివించింది. దానిమీద నాకు కోపం లేదు. కానీ ఏళ్ళ తరబడి ప్రతి ఫారంలో నేను కానిదాన్ని నా చేత్తోనే రాస్తుంటే మనిషికి ఒక అలసట పట్టుకుంటుంది. దానికి సెలవు దొరకదు.

బాప్తిస్మం పదిహేడో ఏట, ఇంటర్ పరీక్షలయ్యాక. తెల్లారకముందే కాలువ దగ్గరికి వెళ్ళాం, ఎవరి కంటా పడకుండా. నీళ్ళు నడుం దాకా. మా పాస్టరు అయ్యగారు నన్ను ముంచి లేపినప్పుడు గట్టు మీద నాన్న తువ్వాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. నేను అంత సంతోషంగా ఉన్న రోజు మళ్ళీ లిండా పుట్టినప్పుడే. సంఘం రిజిస్టర్లో మాత్రం నా పేరు ఎక్కలేదు. "సీటు వచ్చాక రాద్దాంలే అమ్మా," అన్నారు అయ్యగారు. సీటు వచ్చాక స్కాలర్‌షిప్ అన్నారు. తరవాత ఆయనే పోయారు.

"సిస్టర్," అన్నారు ఆమోసు గారు, పెన్ను నా వైపు జరుపుతూ.

"మామా, వాన్ ట్సీన్ వీర్ ఉమ్?" అంది లిండా మంచం మీంచి. అమ్మా, ఇల్లెప్పుడు మారతాం అని. వారం నుంచీ అదే పాట.

పెన్ను తీసుకున్నాను. టిక్ పెట్టే గడి చాలా చిన్నది. నా చెయ్యి కదల్లేదు. రోజుకి పది మందికి సూది గుచ్చే చెయ్యి.

"సంతకమేగా జయా," అన్నాడు ఎలియాస్. కసురుకోలేదు, బతిమాలాడు. ఆ బతిమాలడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

"దేవుడికి తెలీదా సిస్టర్?" అన్నారు ఆమోసు గారు. "పేపర్ మీద ఏముంటే ఏంటి."

"క్లర్కు తప్పు రాయలేదండీ," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"నేనే చెప్పాను."

అప్పటికి ఎలియాస్, లిండా ఇంకా రాలేదు. నేనొక్కదాన్నే ముందొచ్చాను. టౌన్ హాల్లో చిరునామా నమోదుకి, అంటే ఇక్కడి అన్మెల్డుంగ్‌కి కూర్చున్నప్పుడు, ఊళ్ళో కొత్తగా దిగిన ప్రతివాళ్ళకీ పంపినట్టే ఆమోసు గారు నాకూ వాయిస్ మెసేజ్ పంపారు. మతం అడిగితే 'ఏమీ లేదు' అనండి సిస్టర్, లేకపోతే జీతంలో కోత పడుద్ది, అని. రెండుసార్లు విన్నాను. లోపల కళ్ళద్దాలావిడ అడిగింది, "రెలిగియోన్?" నా నోటికి 'లేదు' రాలేదు. క్రిస్టియన్ అన్నాను. కాథలిక్కా, ఎవాంగెలిషా అంది. ఎవాంగెలిష్ అన్నాను. ఆవిడ తలెత్తకుండా టైప్ చేసి, తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఎవరూ అదిరిపడలేదు, ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఆ ప్రింటు కాగితాన్ని మూడు బస్సులు పోయేదాకా చూసుకున్నాను. నేను ఫలానా అని రాసి ఉన్న మొదటి కాగితం అది. దానికోసం నెలకి నలభై, యాభై యూరోలు పోతాయని తెలుసు. పోనీ అనుకున్నాను.

తరవాత ఎలియాస్ నా పే స్లిప్పు చూసి ఇదేంటన్నప్పుడు, క్లర్కు పొరపాటేమో అనేశాను. డబ్బు దండగ అంటాడని భయం. ఒక్క కాగితం మీద నిజం చెప్పి, ఇంట్లో అబద్ధం చెప్పాను. అది కూడా ఆ శనివారం వాళ్ళిద్దరికీ చెప్పేశాను.

ఆమోసు గారు లాప్‌టాప్ మూసేశారు. "సరే సిస్టర్. నా పేరు మాత్రం ఎక్కడా రాయమాకండి," అన్నారు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "నేనూ గడి ఖాళీగానే వదిలేశాను, ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది," అని వెళ్ళిపోయారు. టీ అలాగే ఉండిపోయింది.

ఎలియాస్ ఆ కప్పు తీసుకెళ్ళి సింకులో పారబోశాడు.

"నాకైనా చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్పాల్సింది."

"ఇల్లు పోయినట్టేగా."

"పోయినట్టే."

"డబ్బు ఎటూ మనది కాదులే," అన్నాడు చివరికి. కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆర్నెల్లుగా సగం జీతంతో ఇంటికొస్తున్న మనిషి, కోపం కూడా దాచుకుని వాడుకుంటున్నాడు.

ఆ సాయంత్రం ఫారం నింపాను. బాప్తిస్మం: అవును. 26 ఏప్రిల్ 2009, రేపల్లె కాలువ. ఆధారం అన్న గడి దగ్గర మళ్ళీ ఆగిపోయాను. అబద్ధానికి ప్రభుత్వ స్టాంపు ఉంది. నిజానికి ఒక్క కాగితం లేదు. 'ఏమీ లేదు, మా నాన్న చూశాడు' అని జర్మన్‌లో రాసి సంతకం పెట్టాను. ఎలియాస్ చదివి, 'చూశాడు' దగ్గర నేను చేసిన క్రియాపదం తప్పు దిద్దాడు. సోమవారం డ్యూటీకి వెళుతూ పోస్టు చేశాను. ఇంటావిడకి ఎలియాస్ ఫోన్ చేసి వద్దన్నాడు. ఆవిడ పర్వాలేదంది, ఇంకో పదిహేను మంది క్యూలో ఉన్నారట. లిండా రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆరు వారాలకి డబ్బు పడింది, పన్నెండు వందల నలభై. అదే వారం ఇక్కడి మా ఏరియా చర్చి ఆఫీసు నుంచి తెల్ల కవరొచ్చింది. నేనెప్పుడూ లోపలికి వెళ్ళని చర్చి అది, బస్సులోంచి రోజూ చూస్తాను. మూడు వాక్యాలు. టాక్స్ ఆఫీసు నుంచి మీ వివరాలు అందాయి. మీ తండ్రిగారి సాక్ష్యంతో మీ బాప్తిస్మం 26 ఏప్రిల్ 2009, రేపల్లె కాలువ అని మా సభ్యుల రిజిస్టర్లో రాసుకున్నాం. మీకు స్వాగతం.

మెట్ల మీద కూర్చుని ఇంకోసారి చదివాను. ఫొటో తీసి, కింద తెలుగులో అర్థం రాసి నాన్నకి పంపాను. అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది.

"చూశాను తల్లీ," అన్నాడు నాన్న. "రెండుసార్లు చదివా. కాలువ పేరు కూడా వేశారే."

"నువ్వే సాక్షివి నాన్నా."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"అప్పుడు రిజిస్టర్లో రాయొద్దన్నది నేనే అమ్మా," అన్నాడు. "అయ్యగారు పెన్ను తీశారు. నేనే చెయ్యి పట్టుకున్నా. ఆ మాట ఆయనే తన మీద వేసుకున్నారు పాపం."

"పోనీ నాన్నా. ఇప్పుడు రాశారుగా."

"రాశారు. మంచిదమ్మా. చాలా మంచిది." అన్నాడు. "ఇంక ఆ ఫొటో తీసేయ్. నా ఫోన్లోంచి నేను తీసేశా. తమ్ముడికి టీచరు పోస్టు సర్టిఫికెట్ల వెరిఫికేషన్ వచ్చే నెల. అది అయ్యేదాకా ఎవురికీ పంపమాక."

"సరే నాన్నా," అన్నాను.

ఫొటో తీసేశాను. ఎలియాస్ నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, ఫైలు తెరిచి, నాలుగో కవర్లో కమ్యూనిటీ సర్టిఫికెట్ వెనక పెట్టబోయి ఆగాడు. దానికి వేరే కొత్త కవరు వెతకడానికి లేచాడు.