తేలికపాటి ముద్ర

ప్యాడ్ మీద ఇంకు పోసి, రబ్బరు స్టాంపులను పాతగుడ్డతో తుడుస్తుండగా స్టాంపుల తాతకు గుర్తొచ్చింది, ఇవాళ వాటితో పని లేదని. ఈ ఏడాది నుంచి బడిలో అక్షరాల గ్రేడులు ఎత్తేశారు. ఏ పాఠం వచ్చిందో, ఏది ఇంకా రాలేదో టీచర్లే ప్రోగ్రెస్ కార్డులో రాస్తారు. ఆయన వాటిని కవర్లలో పెడితే చాలు. అలవాటు చావదు కనుక తుడవడం మాత్రం పూర్తి చేశాడు.

అటెండరుగా చేరిన నాటి నుంచి గ్రేడు ముద్రలన్నీ ఆయన చేతి మీదుగానే పడ్డాయి. ఏ గ్రేడు వేసేటప్పుడు బల్ల అదిరేది. డి దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే తేలికయ్యేది. ఈ డి కనబడాలంటే భూతద్దం కావాలని టీచర్లు వేళాకోళమాడేవాళ్ళు. ఇంటికెళ్ళాక పిల్లలు తినబోయే తిట్లు ఆయనకు తెలుసు మరి.

ఒక్కసారి మాత్రం గట్టిగా నొక్కాడు. పోయిన పరీక్షల్లో, అదే బడిలో చదివే మనవరాలికి లెక్కల్లో డి వచ్చింది. లెక్కల టీచరు పక్కనే నిలబడి ఉంది. సొంత మనవరాలని చూసీచూడనట్టు వేశాడంటారేమోనని భయపడ్డాడు, పిరికిమనిషి. ఆ పిల్ల ఎరేజరుతో రుద్దితే కాగితం చిరిగిందే తప్ప డి పోలేదు. అప్పటినుంచి ఇంటికొచ్చేటప్పుడు తాత వేలు పట్టుకోవడం మానేసి, విసవిసా ముందు నడిచిపోయేది.

ఇవాళా అలాగే నడిచి, చెప్పుల దుకాణం ముందు ఆగింది. తాత రొప్పుతూ వచ్చేదాకా ఉండి, కవరు విప్పి పైకి చదివింది. భిన్నాల కూడిక వచ్చిందట. మాటల్లో ఇచ్చిన లెక్కలు ఇంకా నేర్చుకుంటోందట.

"ఇంకా నేర్చుకుంటోంది అంటే, ఎప్పటికీ రావని కాదు కదా తాతా?"

"కాదమ్మా. టైముందని."

"ఎంత?"

"బోలెడు."

ఆ పిల్ల కార్డును సంచిలో పెట్టుకుంది.

"ఆ డి నువ్వు గట్టిగా కొట్టావు."

"కొట్టాను తల్లీ. తప్పే."

ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుంది. ఇంటిదాకా వదల్లేదు. ముసలాయనకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం టీ తాగి కుర్చీలో కునుకు తీశాడు. చీకటి పడుతోందని కోడలు లైటు వేసి లేపబోతే ఇక లేవలేదు.

కొన్నాళ్ళకు బడిలో బీరువా సర్దుతుంటే స్టాంపుల డబ్బా బయటపడింది. ఏ, బి, సి అక్షరాల రబ్బరు అరిగి, అంచులు గుండ్రబడ్డాయి. డి మాత్రం నిన్న కొన్నట్టుంది.