ఇంకో మనిషి దొరికేదాకా

పెట్టె ఎత్తే ముందు నారప్ప తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పక్కకు పెట్టుకున్నాడు. పొద్దున పూట ఆ చెయ్యి రొమ్ముదాకా లేస్తుంది, అంతకుమించి లేవదు. మోకాళ్లు వంచి పెట్టెను ముందు తొడ మీదికి, తొడ మీంచి పొట్టకు, పొట్ట ఆసరాతో ఎడమ భుజం మీదికి జరుపుకున్నాడు. లోపల లారీ బ్యాటరీ, దాని నెత్తిన కరెంటు మార్చే చిన్న డబ్బా, చుట్టూ నైలాను తాడు. ఎదిగిన పొట్టేలంత బరువు. పొట్టేలైతే భుజానికి తగ్గట్టు ఒదిగి పడుకుంటుంది. ఈ పెట్టెకు ఆ మర్యాద తెలియదు.

ముందు మేఘ నడుస్తోంది. అరసికెరె ఊరి పిల్ల. చదువుకుని సోలార్ పార్కులో ఇంజినీరుగా చేరింది. ఒక్కో వరుస దగ్గర నిలబడి, తీగలు తగిలించి, ఏ సోలార్ పలక కరెంటు సరిగా పండించడం లేదో ల్యాప్‌టాప్‌లో చూసి చెప్పడం ఆమె పని. ఆ ల్యాప్‌టాప్ ముసలిది, బయటి కరెంటు లేకుంటే అరగడియకు కళ్లు మూస్తుంది. కనుచూపు మేర కరెంటు పండే నేల మీద, వరుసల మధ్య ఒక్క ప్లగ్గు ఉండదు. అందుకే ల్యాప్‌టాప్ వెనక పెట్టె, పెట్టె కింద నారప్ప.

పని మానేస్తానని నారప్ప కాంట్రాక్టరు ఈరేశ్‌తో చెప్పి చాలా కాలమైంది. "ఇంకో మనిషి దొరికేదాకా ఉండప్పా" అన్నాడు ఈరేశ్. మనుషులు దొరక్కపోలేదు, నిలవలేదు. ఒకడు మధ్యాహ్నం అన్నానికని పోయి తిరిగి రానేలేదు. పార్కుకిచ్చిన చేనికి గుత్తసొమ్ము ఏడాదికోసారి వస్తుంది, భార్య లక్ష్మక్కకు గొర్రెలున్నాయి, ఇల్లు గడుస్తుంది. కానీ దున్నుతూ దున్నుతూ సాలు మధ్యలో మడక వదిలి గట్టెక్కినవాణ్ణి ఆ పక్క ఎవరూ మళ్లీ సేద్యానికి పిలవరు. అందుకే నారప్ప 'ఇంకో మనిషి దొరికేదాకా' అన్న మాట పట్టుకుని వేలాడుతున్నాడు. ఏదో ఒక రోజు పెట్టె జారి ఆ పిల్ల కాళ్ల మీద పడుతుందేమోనన్న భయం మాత్రం రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు.

వరుస మొదట్లో పెట్టె దింపించి మేఘ సంచిలోంచి నల్లటి బిళ్ల ఒకటి తీసింది. అరచెయ్యంత ఉంది.

"మామా, ఇది పవర్ బ్యాంకు. ల్యాప్‌టాప్‌కు గూడ పట్టేది. సాయంత్రందాకా ఇది నిలబడిందంటే నీ పెట్టెకు సెలవే."

నారప్ప దాన్ని చేతిలో తూచి చూశాడు. "ఇదా పాపా? దీని మొగానికి మడక లాగుతాదా?"

"లాగుతాదో లేదో చూసేకే తెచ్చినా. పేరున్నదైతే ఆఫీసోళ్లు కొనియ్యరు. ఇది చవక. ఫోనుకైతే ఏదైనా చాలు, ల్యాప్‌టాప్‌కు జోరు కావల్ల. చవకవి మొదట్లో బాగా లాగి, నడిమధ్య కూలబడతాయి. కూలబడిందంటే వాపసు పంపించేస్తా."

"మరి పెట్టె యాల మోపిస్తివి?"

"అది కూలబడితే?"

"అట్లా చెప్పు. ముసలెద్దును వెంటబెట్టుకోని కొత్తెద్దును చూస్తాండావు."

"ఎద్దని నువ్వే అంటివి మామా, నేను అన్లేదు."

నాగలమడిక జాతరలో ఎద్దుల్ని చూసి కొన్నవాడు నారప్ప. పళ్లు, గిట్టలు అందరూ చూస్తారు. బరువు లాగేటప్పుడు ఎద్దు ఎలాగూ రోషానికి లాగుతుంది; లాగి నిలబడ్డాక దాని డొక్కలు ఎలా ఆడుతున్నాయో చూడాలి. కాబట్టి ఒక్కో వరుస ముగిసేసరికి నారప్ప వెళ్లి ఆ బిళ్లను వెనక్కి తిప్పి, అరచేత్తో తడిమాడు.

"గోరువెచ్చగా ఉండాది, అంతే. రొప్పడం లేదు."

"ఇంగా నాలుగు చుక్కల్లో మూడున్నాయి" అంది మేఘ, దాని మీద వెలిగే లైట్లు చూపించి.

నారప్ప లోలోపల ఆ చుక్కల మీద ఆశ పెట్టుకున్నాడు. ఆ కుడి భుజం ఏం మోయలేదు గనక! మడక మోసింది, శెనక్కాయ మూటలు మోసింది. బోరు వేసినప్పుడు గొట్టాలు మోసింది, నీళ్లు పడనప్పుడు అవే గొట్టాలను తిరిగి మోసింది. కూతురిని ఎక్కించుకుని తేరు చూపించింది. చేను గుత్తకిచ్చాక, అదే చేలో పలకల కింద నాటే ఇనుప కాళ్లు కూడా మోసింది. మోయడం కాక తనకు వేరే విద్య ఏదైనా వచ్చా అని ఒకసారి లక్ష్మక్కను అడిగితే, "అలగడం" అంది.

మధ్యాహ్నం పలకల నీడన కూర్చున్నారు. సంగటి తిని మేఘ ఫోను మాట్లాడుతూ వరుస చివరికి వెళ్లింది. నారప్ప బిళ్ల వైపు చూశాడు. చుక్కలు రెండుకు తగ్గాయి. పని చేసిన గొడ్డుకు మేత వేయకుండా తాను తినడం అతనికి చేతకాదు. ఆ నేల మీద నల్లగా నిగనిగలాడే ప్రతిదీ ఎండ తాగి బతుకుతుంది. తువ్వాలుతో దాని వీపు తుడిచి, నడినెత్తి ఎండలో పలక మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. మేఘ వస్తున్న అలికిడికి తీసి తువ్వాలులో చుట్టి, మళ్లీ దాని చోట పెట్టేశాడు.

మేఘ తువ్వాలు కొస తొలగించి తీగ తగిలించింది. ఒక్క చుక్కా వెలగలేదు. మళ్లీ తగిలించింది. లేదు.

"అయిపాయె. చవక బుద్ధి చూపిచ్చింది. పెట్టె తీసుకురా మామా."

నారప్ప పెట్టె దగ్గరికి పోయాడు. తొడ మీదికి ఎత్తాడు. అక్కడే ఆగింది. ఎడమ భుజం కూడా ఇక నావల్ల కాదంది.

"ఉండు పాపా, రోంత ఊపిరి తీసుకుంటా."

మేఘ వచ్చి చూసింది. పక్కన వేలాడుతున్న కుడిచెయ్యి ఆమె కంటబడింది. గబుక్కున పెట్టె అంచు పట్టి కిందికి దించింది.

"చెయ్యి లెయ్యదా మామా నీకు?"

"పొద్దున లేస్తాది. ఎండెక్కితే అలుగుతాది."

"నాకు చెప్పల్ల కదా!"

"చెప్తే నువ్వు మోస్తావా?"

మేఘ అటు తిరిగింది. విసురుగా పోయి, వాపసు పంపడానికి బిళ్లను తువ్వాలులోంచి తీసింది. "అబ్బా! ఇదేంది పెనం మాదిరి కాల్తాండాది? యాడ పెట్నావు దీన్ని?"

"ఆకలైందేమోనని..." నారప్ప తల గోక్కున్నాడు. "రోంతసేపు మేపినా."

మేఘ బిళ్ల వైపు, పలక వైపు చూసింది. తరువాత నవ్వు ఆపుకోలేక నేల మీద చతికిలపడింది. "మామా, ఇది పలక కాదు! ఇంట్లో ప్లగ్గులో పెట్టి నింపేది. ఎండ తగిల్తే బెదిరి నోరు మూసుకుంటాది."

"నాకేం తెలుసమ్మా. ఈ జాగాలో ఎండ తాగనోడు మనిషొక్కడే అనుకుంటి."

నీళ్లు పోద్దామన్నాడు నారప్ప. మేఘ అతని చేతిలోంచి సీసా లాక్కుంది. గాలి ఆడే నీడలో బిళ్లను ఉత్త మట్టి మీద పెట్టి ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. ఈనబోయే ఆవు దగ్గర కూర్చున్నట్టే కూర్చున్నాడు నారప్ప, దాని వైపే చూస్తూ. అది లేవకపోతే ఆ తప్పు తనదే, మళ్లీ పెట్టె మోయాల్సిందీ తనే.

మేఘ మీట నొక్కింది. లేదు. కొంతసేపు ఆగి మళ్లీ నొక్కింది. ఒక చుక్క వెలిగింది. దాని పక్కన రెండోది.

"లేసింది!" అన్నాడు నారప్ప.

సాయంత్రం చివరి వరుస ముగిసేదాకా అది లాగింది. ఈరేశ్ బండి మీద వచ్చేసరికి ఆఖరి చుక్క ఇంకా మినుకుమంటోంది.

"ఈరేశప్పా, మనిషి దొరికినాడు" అన్నాడు నారప్ప.

"ఎవురు? యాడుండాడు?"

"పాప సంచిలో. టీ అడగడు, అలగడు. ఎండలో మాత్రం నిలబెట్టాకండి."

ఈరేశ్‌కు అర్థమయ్యేలా మేఘ చెప్పింది. మిగతా జట్లకూ ఇదే తెప్పిద్దామంది. ఈరేశ్ బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్టెను రేపు జీపులో తెప్పిచ్చుకుంటాలే" అన్నాడు.

"రేపు రావా మామా?" అంది మేఘ.

"రేపు గొర్రెల్ని వంక తట్టు తోలల్ల పాపా. జాతరకు మా ఇంటికి రా, లక్ష్మక్క తీపి ఓలిగలు చేస్తాది."

తువ్వాలు దులిపి తలకు చుట్టుకుందామనుకున్నాడు. చెయ్యి లేవలేదు. మెడలో వేసుకుని ఊరి దారి పట్టాడు. కొంత దూరం అలవాటు కొద్దీ ఎడమపక్కకు ఒరిగే నడిచాడు. తరువాత ఆగి, నిటారుగా నిలబడి, గట్టిగా ఊపిరి వదిలి మళ్లీ కదిలాడు.

పలకల నీడలు సాగి సాగి పెట్టెను చేరాయి. చేతి పట్టుకు నునుపెక్కిన నైలాను తాడు మీదికి ఒక తొండ ఎక్కి, అటూ ఇటూ చూసి, అక్కడే కూర్చుంది.