పక్క కుట్లు విప్పిన గౌను

"ఈమధ్య బట్టలు బిగుతవ్వలేదా?" అని డాక్టరమ్మ అడిగితే, దర్జీ అక్క నిటారుగా కూర్చుంది.

"ఊళ్లోవాళ్ల నడుములన్నీ నా టేపుకి చిక్కాల్సిందేనండీ. నా నడుము నాకు తెలీదా? గౌన్లన్నీ సుబ్బరంగా పడుతున్నాయి."

డాక్టరమ్మ తెర మీద అండాశయం చూపించింది. అక్కడో పెద్ద గడ్డ. గర్భసంచి పొర బయట పెరిగి, వయసులో ఉండగా నెలనెలా మెలితిప్పిన ఎండోమెట్రియోసిస్, అప్పట్లో కనబడ్డ, పాత రక్తం నిండిన చిన్న చాక్లెట్ తిత్తి, వాటి వల్లే కావచ్చుట.

"ముట్లాగాయి, పోట్లాగాయి, పీడ విరగడైందనుకున్నాను కదండీ!"

"చాలామందికి అంతే. ఎవరో కొద్దిమందికి ఆ తిత్తే క్యాన్సరుగా మారుతుంది. మీదీ అదేనా అన్నది తీసి పరీక్ష చేస్తేగానీ చెప్పలేను. ఎన్నాళ్లుగా పెరుగుతోందో తెలిస్తే బావుండేది."

చాక్లెట్ అని పేరు పెట్టి చేదు మింగించడమేమిటో, నొప్పి పోయాక రోగం రావడమేమిటో! పొట్ట పెరిగితే గౌను పట్టకూడదు. పట్టింది. తెరేమో పెరిగిందంటోంది. అక్క బుర్ర బాబిన్‌లా గిర్రున తిరిగింది. పక్కకి చూస్తే మొగుడు. షాపులో రెండో మిషను ఆయనది, ఆయన నోరు మూడోది. అలాంటి మనిషి చొక్కా బొత్తాం తిప్పుకుంటూ గప్‌చిప్‌గా ఉన్నాడు.

ఇంటికొచ్చి గౌను మార్చుకుని, విడిచినదాన్ని తిరగేసింది. పక్క కుట్టు లోపల విప్పేసిన పాత కుట్ల సూది బెజ్జాల వరస. దాని లోపల ఇంకో వరస. కుట్టు చివర అక్కయితే ముడేస్తుంది. ఇక్కడ మిషను వెనక్కి తిప్పి రెండోసారి కుట్టి ఉంది. మొగుడి చేతిపని!

"ఏవండీ, ఇది కుట్టా, కుట్రా?"

"ఆమధ్య నీలం గౌను పట్టలేదని అన్నం మానేశావు కదే. అప్పట్నుంచీ ఇస్త్రీ చేసేటప్పుడల్లా కాస్త వదులు చేసేవాణ్ని. లావయ్యావనుకున్నాను. ఒట్టు, లావే అనుకున్నాను."

"మొదటిసారి ఎప్పుడు?"

"వానల్లో... కాదు, నువ్వు గొడుగు పారేసుకున్నప్పుడు. అంతకుముందేనేమో."

తిట్టాలో, నవ్వాలో, ఏడవాలో తెలీలేదు. ఆ గౌను మడిచి ఆస్పత్రి సంచీలో పెట్టింది.

"అదెందుకే?"

"డాక్టరమ్మకి చూపిద్దాం, ఎన్నాళ్లుగానో తెలిస్తే బావుండేదంది కదా. గొడుగు సంగతీ మీరే చెప్పండి. ఇకమీదట బిగుతైతే బిగుతు, వదులైతే వదులు. నా గౌను మీద చెయ్యి వేశారో..."

"వెయ్యను" అన్నాడాయన, ఆవిడ చెయ్యి పట్టుకుని.

విదిలించుకోవాలో వద్దో కూడా అక్కకి తెలీలేదు. అలాగే ఉంచింది.