పేరు చెరిపిన పడవ

ముఖేష్‌ను అనుమానం ఒకసారి పట్టుకుంటే అంత సులువుగా వదలదు. ఇప్పుడది మేనబావ పెంచల్ మీద పడింది.

గొడవంతా ఒక పడవ గురించి. నిజం పడవ కాదు, కంప్యూటర్ గేమ్‌లోది. ఆ గేమ్‌కు ఆడేవాళ్ళే కొత్త పడవలు తయారుచేసి కలుపుకోవచ్చు. అలా కలిపేదాన్ని మోడ్ అంటారు. బోగోలు దగ్గరి తమ పల్లెలో తండ్రి పోలేరయ్య నడిపిన పడవను ముఖేష్ అచ్చంగా అందులోకి దించాడు. నీలం రంగు, పసుపు చార, ఎడమ పక్క అతుకు, ముందు భాగాన తెల్లటి అక్షరాల్లో తండ్రి పేరు. పోలేరయ్య వేటకు వెళ్ళి గాలివానలో చిక్కుకున్నాడు. మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు. మిగిలింది ఈ బొమ్మే కాబట్టి ముఖేష్‌కు అదంటే ప్రాణం.

దాన్ని తాను గేమ్ కొన్న ఆన్‌లైన్ స్టోర్‌లో పెట్టాడు. వేరే స్టోర్‌లో గేమ్ కొన్నవాళ్ళకు అక్కడి మోడ్‌లు అందవు. పెంచల్ అలాంటివాడే. అతను బతిమాలితే ముఖేష్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. ఎవరికీ ఇవ్వొద్దని మరీ మరీ చెప్పాడు.

ఇప్పుడా పడవ ఎవరైనా డౌన్‌లోడ్ చేసి దించుకోగల ఇంకో సైట్‌లో తేలింది. పెట్టినవాడెవడో తెలియదు. అదే నీలం, అదే అతుకు. తండ్రి పేరు మాత్రం చెరిపేసి ఉంది. ముఖేష్‌కు ఒళ్ళు మండిపోయింది. దొంగసొత్తు మీద గుర్తులు చెరపడం కాక మరేమిటిది?

ఆ రోజు నుంచి పెంచల్ ఏం చేసినా తేడాగానే కనిపించింది. ఫోన్ బోర్లా పెడితే తేడా. నవ్వితే తేడా. "మన పడవ ఎట్టుండాది బావా?" అని అడిగితే, "అత్తకు ఒంట్లో ఎట్టుండాది?" అని మాట మార్చాడు. ఇంకేం రుజువు కావాలి? ముఖేష్ ఫిర్యాదు చేస్తే సైట్‌వాళ్ళు ఆ మోడ్ తీసేశారు. అంతటితో ఊరుకున్నాడా? చుట్టాల వాట్సాప్ గ్రూపులో, పెద్దలందరూ చూసేట్టు, "మా నాయన పడవ దొంగిలించినోడు పెంచల్" అని రాసిపడేశాడు.

మధ్యాహ్నం పెంచల్ ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వే గదా పెట్టింది?"

"నేనే."

"మా నాయన పేరెందుకు చెరిపినావు?"

పెంచల్ ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. ఎవడో ఆటగాడు ముఖేష్ చేసిన పడవను కావాలనే బండకేసి కొట్టి ముంచుతున్నాడు. తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే నీళ్ళలోకి పోయాయి. వాడు పగలబడి నవ్వి, మళ్ళీ మొదటినుంచి ముంచాడు. అలాంటి వీడియోలు ఇంకా ఉన్నాయి.

ఎంతమంది దించుకున్నారో చూసుకుని మురిసిపోవడమే గానీ, దానితో వాళ్ళేం ఆడుతున్నారో ముఖేష్ ఏనాడూ చూడలేదు.

"సముద్రంలో పోయినోళ్ళ పేరు మనం పడవ మీద రాయం గదరా," అన్నాడు పెంచల్. "నువ్వు రాసినావు. మామ దినామూ మునగతా ఉంటే చూడలేకపోయినా. పేరు లేంది అందరికీ అందేట్టు పెడితే దాన్నే తీసుకుంటారనుకున్నా. నువ్వు తీయించేదాకా తీసుకున్నారు గూడా."

"నాకు చెప్పుండొచ్చు గదా బావా!"

"ఏమని చెప్పేది? ఇది నీకు చూపించాల్నా?"

ముఖేష్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. "పేరు లేంది మళ్ళీ పెట్టు బావా," అన్నాడు.

"దొంగనని ఆ సైట్లో నన్ను ఆపేసినారు. గ్రూపులో నీ మాట చూసినాక ఆ ఫైలు గూడా తీసి పారేసినా. కావాలంటే నువ్వే చెరిపి పెట్టుకో."

ముఖేష్ అక్కడే నిలబడి, తప్పు తనదేనని గ్రూపులో రాశాడు. ఇంటికి వెళ్ళి స్టోర్‌లోని మోడ్ తీసేశాడు. ఇప్పటికే దించుకున్నవాళ్ళ దగ్గరి నుంచి దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదని అతనికి తెలుసు. వాళ్ళు ముంచుతూనే ఉంటారు. తర్వాత అసలు ఫైలు తెరిచి, తండ్రి పేరులో చివరి అక్షరం దగ్గర మొదలుపెట్టి చెరపసాగాడు.